పొలం మూల ఎవరిది?



వానాకాలం వరి కోతలు మొదలైనవి. ఇంకొన్ని ఆదివారాల్లో మన సంఘంలో కోత పండుగ. ఎప్పటిలాగే వడ్ల బస్తాలు, మక్క కంకులు, గుమ్మడికాయలు, కోడిగుడ్ల బుట్టలు, ఎవరో ఒకరు తెచ్చే కోడిపుంజు ప్రార్థనా మందిరంలో ముందు వరుసకు చేరుతాయి. ఆరాధన అయ్యాక వేలం పాట. ఇరవై రూపాయల సొరకాయ ఐదు వందలకు పోతుంది. దుబాయిలో ఉన్న తమ్ముళ్లు ఫోన్లోనే పాట పెంచుతారు. పిల్లలు కేకలు వేస్తారు. ఏడాది మొత్తంలో మన మందిరం ఇంత నిండుగా కనిపించే రోజు క్రిస్మస్ తరువాత ఇదొక్కటే.

మొన్న పెద్దలందరం కూర్చున్నప్పుడు ఈసారి పండుగ కానుక దేనికి వాడాలన్న మాట వచ్చింది. ప్రహరీ గోడకు అన్నారు. నిజం చెప్పాలంటే గోడ మాట మొదట ఎత్తింది మేమే. నిరుడు కోత పండుగ నాడు ప్రసంగం చివర, చుట్టూ గోడ, ముందు ఒక కమాను ఉంటే ఎంత బాగుంటుందో చెప్పి, కాగితం మీద గీసి చూపించాం. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఉంది. పెద్దలకు కొంత చెప్పాం. ఫోన్లో ఇది చదివే మీ అందరికీ, దూర దేశాల్లో ఉండి కానుక పంపే బిడ్డలకు కూడా మా మనసులో మాట చెప్పడం మా బాధ్యత అనుకుంటున్నాం.

ముందుగా మన నేలను ఒకసారి చూద్దాం. పుట్టినప్పటి నుండి నడిచిన నేలే అయినా, దేవుడు అబ్రాహాముతో లేచి దేశం నిడివిని, వెడల్పును నడిచి చూడమన్నట్టు, మనమూ ఒకసారి కళ్లతో నడవాలి.

ఉత్తరాన గోదావరి. ధర్మపురి ఒడ్డున నిలబడితే అవతల ఇంకో జిల్లా. పడమర నుండి శ్రీరాంసాగర్ నీళ్లు కాకతీయ కాలువలో మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతపు భూముల మీదుగా కరీంనగర్ వైపు సాగిపోతాయి. ఆ ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ గారు పునాదిరాయి వేశారు. ఆ రోజుల్లో చెలకల్లో జొన్న, మక్క వేసుకుని వానకోసం ఆకాశం చూసిన తాతల మనుమలు ఇవాళ రెండు పంటలు వరి తీస్తున్నారు. కాలువ మొదట్లో ఉన్నవాడికి నీళ్లు కంటినిండా, చివర ఉన్నవాడికి నిద్రలేని రాత్రులు. తూము దగ్గర అన్నదమ్ములే కొట్లాడుకున్న సంగతి మనకు కొత్త కాదు.

కోరుట్ల నుండి దక్షిణానికి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ వెళ్లే దారి పట్టండి. నేల రంగు మారుతుంది. గుట్టలు, ఎర్ర చెలకలు, బోరు బావులు. ఎన్ని వందల అడుగులు తవ్వినా దుమ్మే వచ్చిన రోజులు అక్కడివారు మరువరు. ఇప్పుడు వరద కాలువ వచ్చింది, మధ్యమానేరు నిండింది. కాని ఆ మధ్యమానేరు అడుగున కొదురుపాక, అనుపురం, చింతలఠాణా లాంటి ఊళ్ల ఇళ్లు, బావులు, సమాధులు ఉన్నాయి. మన పొలంలోకి వచ్చే ప్రతి తడిలో ఎవరో ఒకరు వదులుకున్న వాకిలి ఉన్నదని మేము పిల్లలకు సండే స్కూల్లో చెబుతుంటాం.

ఇంకా కిందికి పోతే సిరిసిల్ల. అక్కడ పంట నూలు. పొద్దున లేస్తే సాంచాల చప్పుడు. మానేరు ఎండినా, నిండినా ఆ చప్పుడు ఆగితేనే అక్కడ కరువు. పని లేక భీవండికి, సూరత్‌కు పోయినవారు, అప్పులకు తాళలేక ప్రాణం తీసుకున్నవారు ఎందరో. 2017లో బతుకమ్మ చీరల పని వచ్చినప్పుడు చాలా ఇళ్లలో పొయ్యి నిలబడింది. ఆ పని తగ్గినప్పుడు మళ్లీ ఇబ్బంది మొదలైంది. మన సంఘపు ఆడబిడ్డలు ఇద్దరు ముగ్గురు అక్కడ కోడళ్లుగా ఉన్నారు కాబట్టి ఆ కష్టం మనకు పేపర్లో చదివే వార్త కాదు.

ఈ మూడు దారుల నడుమ ఉన్న మనుషుల సంగతి. జగిత్యాల పక్కన పొలాస పరిశోధనా స్థానంలో పుట్టిన విత్తనం మన పొలాల్లోనే కాదు, దూర జిల్లాల్లో కూడా పండుతున్నది. జగిత్యాల సన్నాలు అంటే అందరికీ తెలుసు. పసుపు మన ఇంకో పంట. తొమ్మిది నెలలు కడుపులో మోసినట్టు మోయాలి. తవ్వాలి, ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి, మెరుగు పట్టాలి, ఆ తరువాత ధర చూసి తల పట్టుకోవాలి. 2019 ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు తమ గోడు వినిపించడానికి నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 178 మంది నామినేషన్లు వేసి నిలబడ్డారు. మన జగిత్యాల, కోరుట్ల ఓట్లు కూడా ఆ స్థానంలోవే. మొత్తం 185 మంది పోటీ. ఒక బల్ల నిండా ఓటు యంత్రాలు పేర్చిన ఆ రోజు మీకు గుర్తుండే ఉంటుంది. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. అడిగినవారు మామూలు రైతులు, ఎవరి వెనకా డబ్బు లేదు. విసుగక అడిగిన విధవరాలి ఉపమానం (లూకా 18) చెప్పేటప్పుడు మేము ఈ రైతులనే తలచుకుంటాం.

ఇక బీడీలు. చాట ఒడిలో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి వేలు అరిగిపోయిన అమ్మలు మన సంఘంలో సగం మంది. వాళ్ల కానుకే మన మందిరపు రేకులు, బల్లలు. ఆ సంగతి ఎవరూ మరువకూడదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తున్నాం.

మన పెద్దవాళ్లను అడగండి, కోతలంటే ఏమిటని. కొడవళ్లు పట్టుకుని వరుసగా వంగి కోసేవారు. పనలు కట్టేవారు. కల్లంలో కుప్ప వేసి నూర్చేవారు. కోసినవాళ్ల వెనక ఇంకో వరుస ఉండేది. ముసలమ్మలు, పిల్లలు, మొగుడు పోయిన ఆడవాళ్లు. రాలిన వెన్నులు ఏరుకునేవారు. పరిగె ఏరుడు అంటే ఈనాటి పిల్లలకు తెలియదు గాని, రూతు గ్రంథం రెండవ అధ్యాయం చదివినప్పుడు మన ముసలమ్మలకు ఎవరూ వివరించనక్కర లేదు. రూతు చేసిన పని వాళ్ల చేతులు చేసినవే. పసుపు తవ్విన చెలకల్లో విరిగి మిగిలిన కొమ్ముల కోసం కూడా వెదికేవారు. ఫ్రాన్సు దేశంలో మిల్లే అనే చిత్రకారుడు 1857లో ముగ్గురు ఆడవాళ్లు వంగి పరిగె ఏరుతున్న బొమ్మ గీశాడు. ఆ బొమ్మను మేము ఒక పాత క్యాలెండరులో చూశాం. దూరాన గొప్పవాళ్ల కుప్పలు, బండ్లు. దగ్గర నడుం వంగిన ఈ ముగ్గురు. ముఖాలు సరిగా కనిపించవు. అయినా వాళ్లు మనవాళ్లే అనిపించింది.

కల్లం దగ్గర మేర ఉండేది. వడ్లు కొలిచేటప్పుడు వడ్రంగికి ఇంత, కమ్మరికి ఇంత, చాకలికి, మంగలికి, మాదిగవారికి ఇంత అని తీసి పెట్టేవారు. ఆ పాత రోజులను మేము బంగారు రోజులని చెప్పడం లేదు. మేర వెనక వెట్టి కూడా ఉండేది. మనలో చాలామంది తాతలు దొర గడి ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచినవారు, జీతానికి కుదిరి అప్పు కింద ఏండ్లకు ఏండ్లు పనిచేసినవారు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది రైతు కూలీలు జైత్రయాత్ర తీసింది అందుకే. ఆ వెంటనే అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తరువాత ఈ నేల మీద రెండు వైపులా రక్తం కారింది. రక్తాన్ని మేము ఏనాడూ మంచిదనలేదు, అనబోము. కాని ఇవ్వకుండా ఆపిన కూలి తానే అరుస్తుందని, ఆ అరుపు దేవుని చెవికి చేరుతుందని యాకోబు తన పత్రిక అయిదవ అధ్యాయంలో రాశాడు. ఆ మాటను దాటవేసి మన ప్రాంతంలో ఏ సేవకుడూ ప్రసంగం చేయలేడు.

కాబట్టి ఆ రోజులు తిరిగి రావాలని మేము కోరుకోవడం లేదు. ఒక్కటి మాత్రం గమనించాలి. ఆ కల్లంలో ఎంత అన్యాయం ఉన్నా, పంట చేతికి వచ్చే రోజున భూమి లేని మనిషి అక్కడ కనిపించేవాడు. వాడి ముఖం చూసి కొలవవలసి వచ్చేది. ఇప్పుడు ఆ ముఖం కనిపించడం లేదు.

వరికోత మిషను పొలంలో దిగుతుంది. గంట తిరక్క ముందే ఎకరం అయిపోతుంది. కోసేది, నూర్చేది, తూర్పారబట్టేది అంతా అదే. గింజలు ట్రాక్టరులో పడతాయి. ట్రాక్టరు కొనుగోలు కేంద్రానికి పోతుంది. అక్కడ ఆరబోయాలి, తేమ 17 శాతానికి దిగాలి, తాలు పోవాలి, కాంటా కావాలి, లారీ రావాలి. అంతలో మబ్బు పడితే పరదాలు కప్పుకుని రాత్రంతా కాపలా. రైతు బాధ రైతుది. మిషనును మేము తప్పు పట్టడం లేదు. మన అక్కాచెల్లెళ్ల నడుములకు అది దేవుడిచ్చిన విశ్రాంతి. కాని మిషను పోయాక పొలంలో కొయ్యకాళ్లే మిగులుతాయి. కొందరు వాటికీ నిప్పు పెడతారు. ఏరుకోవడానికి ఎవరూ రారు, వచ్చినా ఏమీ లేదు.

మోషే ధర్మశాస్త్రంలో దేవుడు పొలం యజమానికి చెప్పిన మాట ఎంత చిన్నదో చూడండి. అంచుల దాకా గీకి కోయవద్దు. రాలినది తిరిగి ఏరవద్దు. మరచిపోయిన పన కోసం వెనక్కి వెళ్లవద్దు. అది బీదలది, పరదేశిది, తండ్రి లేని బిడ్డది, విధవరాలిది. లేవీయకాండము 19వ అధ్యాయం, ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం తీసి చదవండి. దానికి కారణం కూడా అక్కడే ఉంది. మీరూ ఐగుప్తులో దాసులుగా ఉన్నవారే, ఆ సంగతి జ్ఞాపకం ఉంచుకోమన్నాడు. దయ చూపండని బతిమాలలేదు. ఆ మూల నీది కాదు అని చెప్పాడు. యజమాని చేతిలో ఉన్న పొలంలోనే ఇంకొకరి భాగం ఉన్నది. బోయజు ఇంకో అడుగు ముందుకు వేశాడు. కావాలనే పనల్లోంచి కొన్ని రాల్చి రూతుకు విడిచిపెట్టమని పనివాళ్లకు చెప్పాడు. ఆమె ఏరుకున్నందుకు ఎవరూ గద్దించకూడదని కూడా ఆజ్ఞ ఇచ్చాడు.

మిషనుకు మరచిపోవడం తెలియదు. రాల్చడం తెలియదు. అందుకని ఇప్పుడు రాల్చే పని మన చేతులే బుద్ధిపూర్వకంగా చేయాలి. మా మాట ఇంతే.

మన ఊళ్లలో ఈనాటి రూతు ఎవరు? మాకు ఇద్దరు కనిపిస్తున్నారు.

మొదటివాడు పరదేశి. నాట్ల కాలంలో బీహార్ నుండి, ఉత్తరప్రదేశ్ నుండి, బెంగాల్ నుండి యువకులు గుంపులుగా దిగుతున్నారు. ఎకరానికి ఇంత అని గుత్త మాట్లాడుకుని, మన ఆడవాళ్ల పాటలు వినిపించిన మడుల్లో ఇప్పుడు వాళ్లు మౌనంగా వంగి నాటు వేస్తున్నారు. మోటరు కొట్టంలో, స్కూలు వరండాలో, చెట్టు కింద పడుకుంటారు. వాళ్లు నాటిన వరినే మనం కోత పండుగకు తెచ్చి దేవుని ముందు పెడతాం. ఆ చేతులు ఎవరివో మనకు తెలియదు. పేరు కూడా అడగం. అందరినీ "బీహారోళ్లు" అంటాం.

నిరుడు యాసంగి నాట్లప్పుడు ఒక ఆదివారం జరిగిన సంగతి చెబుతాం. ఆరాధన జరుగుతుండగా ఒక పిల్లవాడు, పద్దెనిమిది పందొమ్మిదేండ్లు ఉంటాయేమో, మన బోరు దగ్గర డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. నీళ్ల కోసం వచ్చాడు. లోపల పాట విని అక్కడే ఆగిపోయాడు. మనలో ఒకరు లేచి వెళ్లి వెళ్లగొట్టినట్టు చెయ్యి ఊపారు. ఎవరని మేము చెప్పం, ఎందుకంటే వేదిక మీద ఉన్న మేము కూడా చూసి పాట ఆపలేదు. వెనక వరుసలో కూర్చునే పెద్దమ్మ మాత్రం లేచింది. తన టిఫిను డబ్బా ఇచ్చింది. ఆరాధన అయ్యాక ఎందుకమ్మా లేచావని అడిగితే ఆమె చెప్పిన మాట ఇది: "అయ్యగారూ, నా కొడుకు మస్కట్‌ల దవఖానల పడ్డప్పుడు ఎవలో మలయాళపోళ్లు రోజూ అన్నం పెట్టిండ్రట. ఆళ్లు ఎవలో నాకు ఎరుక లేదు. ఈ పోరనికి పెడ్తే ఆళ్లకు పెట్టినట్టే అనుకున్న."

ఆ రోజు మేము చేసిన ప్రసంగం మాకే గుర్తు లేదు. ఈ మాట మాత్రం మరువలేకపోతున్నాం.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మన ప్రాంతం గురించి చెప్పుకుంటారు. మన జిల్లాల్లో గల్ఫుకు మనిషిని పంపని వాడ లేదు. మన సంఘంలోనే లెక్క వేస్తే ఇంటికొకరు. ఏజెంటుకు అప్పు చేసి కట్టినవారు, చెప్పిన పని ఒకటి, అక్కడ చేసేది ఇంకొకటి అయినవారు, పాస్‌పోర్టు యజమాని దగ్గరుంటే ఇంటికి రాలేక ఏడ్చినవారు మన మధ్యలోనే ఉన్నారు. పెట్టెలో తిరిగి వచ్చినవారిని కూడా మనం భూమిలో పెట్టాం. ఎయిర్‌పోర్టు నుండి అంబులెన్సు వచ్చే రాత్రి ఊరంతా మేల్కొని ఉండడం మనకు తెలుసు. గల్ఫులో చనిపోయినవారి కుటుంబానికి మన రాష్ట్ర ప్రభుత్వం ఇప్పుడు 5 లక్షలు ఇస్తున్నది. మంచిదే. కాని కొడుకు ప్రాణం ఉండగా అక్కడ వాడికి ఎవరు మంచినీళ్లు ఇచ్చారన్నదే తల్లికి పెద్ద ప్రశ్న.

ఐగుప్తును జ్ఞాపకం ఉంచుకొమ్మని దేవుడు ఇశ్రాయేలుకు చెప్పాడు. మనకు ఐగుప్తు రెండు సార్లు. ఒకటి తాతలు చూసిన గడి. రెండోది కొడుకులు చూస్తున్న ఎడారి. ఇంత తెలిసిన మనమే మన బోరు దగ్గర పరదేశిని చెయ్యి ఊపి పంపిస్తే, దేవుని ముందు ఏం చెబుతాం? నేను పరదేశినై ఉండగా నన్ను చేర్చుకున్నారా అని ప్రభువు అడిగే రోజు మత్తయి 25లో ఉంది కదా. ఆ రోజు మన కమాను ఎంత ఎత్తు అని అడగడు.

రెండవ రూతు కౌలు రైతు. ఈయన మనవాడే, మన బల్ల మీద కూర్చునేవాడే. సొంతానికి పది గుంటలు, కౌలుకు మూడెకరాలు. భూమి పట్టా పట్నంలో ఉండే పటేలు పేరు మీద. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలుపెట్టినప్పుడు పట్టా ఉన్నవారికి ఎకరానికి పంటకు 4,000 చొప్పున వచ్చింది. దున్నేవాడికి రాలేదు. 2025 జనవరి 26న భూమి లేని కూలి కుటుంబాలకు ఏడాదికి 12,000 ఇచ్చే పథకం మొదలైంది. అది కూడా గుంటలలోనే భూమి ఉన్నందుకు మన కౌలు రైతుకు అందదు. 2023 మార్చి, ఏప్రిల్‌లో వడగండ్లు పడి వరి నేలకు రాలినప్పుడు, మామిడి పిందెలు తోటల్లో చాపలా పరచుకున్నప్పుడు, ఎంతమంది కౌలు తగ్గించారు? మన సంఘంలో కూడా భూమి కౌలుకు ఇచ్చేవారు ఉన్నారు. గల్ఫు డబ్బుతో రెండెకరాలు కొని, దున్నే మనిషి లేక పక్కింటివారికి ఇచ్చినవారు. తప్పు లేదు. కాని తమ్ముళ్లారా, పంట పోయిన ఏడాది కూడా పూర్తి కౌలు తీసుకుని, అందులోంచి దశమభాగం తెచ్చి మందిరంలో పెడితే, ఆ కానుక గురించి ఏమని ప్రార్థించాలో మాకు తెలియడం లేదు.

ఇక్కడ పెద్దలు అడిగే మాటలకు జవాబు చెప్పాలి. వారివి న్యాయమైన ప్రశ్నలే.

గోడ అవసరం లేదా అంటారు. అవసరమే. మేకలు వస్తున్నాయి, మొక్కలు మిగలడం లేదు. మందిర స్థలం హద్దు రేపు తగాదా కావచ్చు. అందుకు హద్దురాళ్లు నాటించుకుందాం, సర్వేయరుతో కొలిపించుకుందాం, కాగితాలు సరిచూసుకుందాం. దానికి గోడంత ఖర్చు కాదు. మొక్కలకు ముళ్లకంప చాలు.

మనమే బీదవాళ్లం, మనం ఎవరికి పెట్టగలం అంటారు. రూతుకు పరిగె వదిలింది బోయజు, ఆయన ధనవంతుడు, నిజమే. కాని సారెపతు విధవరాలు ఏలీయాకు పెట్టినప్పుడు ఆమె ఇంట్లో ఉన్నది గుప్పెడు పిండి. మన బీడీలు చుట్టే అమ్మలు ఇచ్చిన పది రూపాయలతోనే ఈ మందిరం లేచింది. ఇవ్వలేనంత బీదవాళ్లను మేము ఈ సంఘంలో ఇంతవరకు చూడలేదు.

బీహార్ నుండి వచ్చినవాళ్లు మన కూలి పోగొడుతున్నారు అని కూడా కొందరంటారు. ఇది బరువైన మాట. నాట్ల కూలి మీదే బతికే అక్కలకు ఈ నొప్పి ఉంది, దాన్ని మేము కొట్టిపారేయం. కాని ఇదే మాట దుబాయిలో, భీవండిలో మన బిడ్డల గురించి అక్కడివారు అన్నారు. తక్కువ కూలికి మనిషిని పిలిచేది పిలిచేవాడు, వచ్చేవాడు కాదు. కోపం ఉంటే ఆ లెక్క దగ్గర మాట్లాడుకుందాం. నీళ్ల డబ్బా దగ్గర కాదు.

అందుకని ఈ కోత పండుగకు మేము సంఘం ముందు పెడుతున్నది ఇది. తీర్మానం మీ చేతుల్లో ఉంది.

ఈ ఏడాది వేలం పాటలో వచ్చే డబ్బు, పండుగ కానుక, గోడకు కాకుండా "పొలం మూల" అని వేరే పెట్టెలో ఉంచుదాం. సగం, పంట పోయిన కౌలు కుటుంబాలకు, ఏ కులమైనా, మన సంఘమైనా కాకపోయినా, వచ్చే పంట విత్తనాలకు ఇద్దాం. వడ్డీ లేదు, తిరిగి ఇవ్వగలిగితే ఇస్తారు. మిగతా సగంతో బోరు దగ్గర ఒక నల్లా, నాలుగు రేకుల నీడ, రెండు మరుగుదొడ్లు కట్టిద్దాం. యాసంగి నాట్లకు వచ్చే పిల్లలు అక్కడ స్నానం చేసుకుంటారు, వండుకుంటారు. బడ్జెటు సరిపోకపోతే మా ఇంటి కానుకలోంచి కొంత తీసి కలుపుతాం. ఇది అమ్మగారూ, మేమూ కలిసి చేసుకున్న నిర్ణయం.

భూమి కౌలుకు ఇచ్చినవారికి ఇంకో మనవి. వడగండ్లు పడ్డ ఏడాది కౌలు ఎంత తగ్గిస్తారో ముందే, ఒప్పుకునే రోజే మాట ఇవ్వండి. నాట్లు వేయించేవారు ఒప్పుకున్న డబ్బు నాటు అయిన సాయంత్రమే చేతిలో పెట్టండి. పొద్దు గుంకక ముందే కూలి ఇవ్వమని ధర్మశాస్త్రం చెప్పేది కూడా అదే. వాళ్లలో ఒక్కడి పేరైనా కనుక్కోండి. అంతమాత్రం చేస్తే సగం పని అయినట్టే.

గల్ఫు నుండి ఇది చదివే తమ్ముళ్లారా, మీరు వేలంలో పాడే పాట ఈసారి ఈ పెట్టెకు పోతుంది. అది ఎక్కడికి చేరుతుందో మీకంటే బాగా తెలిసినవారు లేరు.

రూతు పరిగె ఏరిన పొలం బేత్లెహేములోది. ఆ పరదేశి స్త్రీ పేరు మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో మన ప్రభువు వంశావళిలో ఉంది. బోయజు ఆ రోజు అంచుల దాకా గీకి కోయించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఒక మూల వదిలినందుకు ఆ పొలంలో రక్షకుని వంశం నిలబడింది. మన గోదావరికి, మానేరుకు నడుమ ఉన్న ఈ చిన్న పొలాల్లో దేవుడు ఎవరిని నిలబెట్టదలచాడో మనకు తెలియదు. మన పని ఆ మూల వదిలిపెట్టడమే.

గోడ కూడా కట్టుకుందాం, ఇంకో ఏడాది. దేవుడు మన కోతలను, కల్లాలను కాపాడును గాక. దూరాన ఉన్న మన బిడ్డలకు ఈ రాత్రి ఎవరో ఒకరు అన్నం పెట్టుదురు గాక. మన బోరు దగ్గరికి వచ్చినవాడికి మనం పెట్టుదుము గాక. ఆమేన్.